పన్నె వెనక మూరెడు నూలు

మా ఇంట్లో పడుగు, మగ్గం మీది నిలువు నూలు, అయిపోయిందంటే, నేసిన చీరను కోసి తీస్తారు గాని పన్నె వెనక మిగిలిన మూరెడు నూలును మాత్రం ముట్టుకోరు. పన్నె అంటే మగ్గంలో దువ్వెన లాంటిది. పడుగు పోగులన్నీ దాని పళ్ళ సందుల్లోంచే ముందుకొస్తాయి. ఆ పాత కొసలు అట్లాగే వేలాడుతుండగా కొత్త పడుగు తెచ్చి, ఒక్కో పాత కొసకు ఒక్కో కొత్త కొస చేర్చి, వేళ్ళకు బూడిద అద్దుకొని మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. ఆ పని ఆడవాళ్ళది. మా ఇంట్లో నాకు ముందు మా అత్త చేసేది, ఆమెకు ముందు ఆమె అత్త. ఆ లెక్కన ఏనాడైనా మా మగ్గం మీదున్న పోగు, నేను ముఖం కూడా చూడని ఒక ముసలమ్మ అతికిన పోగుకు కొనసాగింపే.

"ఆ మూరెడు కోసినావంటే మగ్గం సచ్చినట్టే" అనేది మా అత్త. ఇందులో మూఢనమ్మకం ఏమీ లేదు. కోసేస్తే పోగులన్నీ పన్నెలోంచి జారిపోతాయి. మళ్ళీ మొదటి నుంచి ఒక్కొక్కటీ దూర్చి కట్టాలంటే అదొక ప్రత్యేకమైన విద్య. మా ఎమ్మిగనూరులో ఆ పని తెలిసిన వాళ్ళు ఒకప్పుడు వీధికొకరు ఉండేవారు. ఆఖరుకు ఒక్క ముసలాయన మిగిలాడు. ఆయనకూ చూపు పోయి మంచం పట్టాక, మా వీధిలో కోసిన మగ్గం మళ్ళీ లేచింది లేదు.

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు తెలియకుండా నేను ఇద్దరి మాటలూ మాట్లాడుతుంటాను. ఆయన నేస్తాడు, నేను అమ్ముతాను. ఒకప్పుడు షావుకారు నూలు ఇచ్చేవాడు, మేం కూలికి నేసేవాళ్ళం. ఆ షావుకారు మిషను చీరల బేరానికి మళ్ళాక మా మొహం చూసే దిక్కు లేదు. నూలు మేమే కొనుక్కోవాలి, చీర మేమే అమ్ముకోవాలి. ఒక పడుగు చీరలు అమ్ముడుపోతేనే ఇంకో పడుగుకు నూలు. మధ్యలో ఎక్కడ ఒక్క చీర ఆగినా ఆ మూరెడు నూలు గాలికి ఊగుతూ కూర్చోవాల్సిందే.

మా అమ్మాయి ఆదోనిలో ఇంటర్ చదువుతోంది. ఎకనామిక్స్ పుస్తకం పట్టుకుందంటే ఇల్లు అదిరేలా పైకి చదువుతుంది. మనిషి కోరికలు అపరిమితం, వాటిని తీర్చుకునే వనరులు పరిమితం, అందుకే ఎంపిక తప్పదు అని. ఒకసారి నాకు ఒళ్ళు మండింది.

"ఎవురివే ఆ అపరిమితమైన కోరికలు? మీ నాయన నన్ను ఇంతవరకు ఒక్క పడుగు నూలు తప్ప ఏమడిగినాడు?"

"అందరివీ అమ్మా. పుస్తకంలో అట్ల ఉంది."

ఇంకో పేజీలో, పూర్వకాలంలో డబ్బు లేనప్పుడు జనం వస్తువుకు వస్తువు మార్చుకునేవారని ఉందట. నేను పకపకా నవ్వాను. వచ్చే వారం ఆస్పరి ఆటో ఎక్కి ఆ పూర్వకాలానికే పోతాండాను, వస్తావా అని అడిగాను.

నా పూర్వకాలం ఆస్పరి నుంచి ఆటోలో లోపలికి పోయే ఒక పల్లెలో ఉంది. అక్కడ ఒక రైతు ఇంటి ఆడమనిషి నాకు వదిన. చుట్టరికం లేదు, కులం ఒకటి కాదు, చీరల మూట నెత్తిన పెట్టుకొని మొదటిసారి వాళ్ళ వాకిట్లో నిలబడ్డ రోజున ఆమె మజ్జిగ ఇచ్చి "వొదినా" అంది, అంతే. ఏరువాక రోజుల్లో, వాళ్ళ చేతిలో పైసా ఆడనప్పుడు, నేను చీర ఇస్తాను. దీపావళి దాటి పంట ఇంటికొచ్చాక ఆమె జొన్నలు పోస్తుంది. ఇంత చీరకు ఇన్ని పడుల గింజలు అని మేం ఏనాడూ నోరు విప్పి అనుకోలేదు. ఆమె కొలుస్తుంది, నేను వేరే దిక్కు చూస్తుంటాను. చివర్న కొసరుగా ఒక దోసెడు. నూలు ధర మండిపోతోందని నేను కొంచెం ఎక్కువ చేసి చెబుతాను, వాన సరిగా పడలేదని ఆమె కొంచెం ఎక్కువ చేసి చెబుతుంది. ఇద్దరి అబద్ధాలూ సమానం కాబట్టి బేరం ఎప్పుడూ చెడలేదు.

ఆ జొన్నలతో మా ఇంట్లో రొట్టెలు గడుస్తాయి, మిగిలినవి అమ్మితే నూలు చేతికొస్తుంది. రేషను స్టోరు బియ్యం ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఆకలితో చావం. కానీ నూలు స్టోరులో ఇవ్వరు. ఇందులో ఇంకో తమాషా ఉంది. వదిన వాళ్ళ చేలో ఎక్కువగా పండేది పత్తి. అది ఆదోని మార్కెట్టుకు పోతుంది. అక్కడి నుంచి ఏ మిల్లుకు పోతుందో, ఏ ఊరు తిరుగుతుందో, మళ్ళీ నూలుగా మా ఎమ్మిగనూరు కొట్టుకు వచ్చేసరికి ఆమె అమ్మిన ధరకూ నేను కొనే ధరకూ పొంతన ఉండదు. ఆమెకు గిట్టదు, నాకు అందదు. మా ఇద్దరి ఊళ్ళ మధ్య పట్టుమని ఒక పూట ప్రయాణం లేదు.

పోయిన ఏడు వాన ఏరువాకకు మురిపించి, పూత మీద మొహం చాటేసింది. తీరా శెనక్కాయ పీకి కుప్ప వేశాక, అప్పుడు దిగబడింది. కరువులో అధిక మాసం అన్నట్టు పత్తికి పురుగు. ఇదంతా నాకు ఫోనులో తెలుసు. అయినా జొన్నలైనా వచ్చి ఉంటాయిలే అని ఆశ. ఎందుకంటే మా మగ్గం అప్పటికే ఆగిపోయి ఉంది. వదినకు ఇచ్చినవి రెండు చీరలు. ఆ గింజలు వస్తేనే నూలు. లేకుంటే మూరెడు కొసలను ఎలుకలు గంజి వాసనకు కొరుక్కు తింటాయి. మా ఆయన రోజూ పొద్దున లేచి ఆ కొసల మీద గుడ్డ కప్పుతున్నాడు, సాయంత్రం తీసి చూస్తున్నాడు.

నేను పోయేసరికి వాళ్ళ వాకిట్లో మూటలు. దుప్పట్లు, టార్పాలిన్ పట్ట, నల్లబడిన అన్నం తపేలా. సుగ్గికి పోతున్నారు. మా వైపు పంట పోయిన ఏడాది ఊళ్ళకు ఊళ్ళు గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోతాయి. దాన్నే సుగ్గి అంటాం.

"వొస్తావని తెల్సు వొదినా. బండి నిన్ననే రావల్ల. నిన్ను సూడకుండానే పోతానేమో అనుకున్యా" అంది.

"నన్ను సూడకుండా పోదామనే కదా మూటలు గట్టింది" అన్నాను. నా నోరు అంతే.

ఆమె కోపం తెచ్చుకోలేదు. లోపలికి పోయి ఒక చీర తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నేను ఏరువాకకు ఇచ్చిందే. మడత కూడా విప్పలేదు.

"ఇంగోటి మా యత్త కట్టింది, దాన్ని అడగొద్దు. ఇది మాత్రం నేను కట్టలేదు. తీసుకపో."

నేసేవాళ్ళ ఇంట ఒక ఆచారం ఉంది. గడప దాటిన గుడ్డ మళ్ళీ ఇంటికి రాకూడదు. చినిగిందన్నా, రంగు పోయిందన్నా ఇంకోటి ఇస్తాం గాని దాన్ని వెనక్కి తెచ్చుకోం. ఆ మాట ఆమెకు చెప్పాను.

"తెల్సు. నీకు గింజలు కావల్ల. నా తాన గింజల్లేవు, చీర ఉంది. ఏం సేయమంటావో నువ్వే సెప్పు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వదిలేసి వస్తే ఆచారం మిగులుతుంది, మగ్గం ఆగుతుంది. తీసుకుంటే అమ్మి నూలు తేవచ్చేమో. నాకు ఏడుపొచ్చింది. ఆమె మీద కోపంతో వచ్చింది కాదు. కోపం తెచ్చుకుందామన్నా ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. చీర సంచిలో పెట్టుకున్నాను.

"కూలోళ్ళను తీసుకపోయే మేస్త్రీకి ఒక జోడీ తక్కువైంది. మీ ఇద్దురూ రాకూడదా" అంది, నేను లేస్తుంటే.

"మగ్గం ఇడ్సిపెట్టి మిరపకాయలు తెంపేదానికా?"

"మేము సేను ఇడ్సిపెట్టి పోతాండ్లా?"

సంచి చంకన పెట్టుకొని ఆటో ఎక్కాను.

దారిలో ఆదోనిలో దిగి ఒక బట్టల కొట్టుకు పోయాను. కొట్టాయన పాత పరిచయమే. చీర విప్పి, అంచు వేళ్ళ మధ్య నలిపి చూసి, బాగుందన్నాడు. బాగుందన్నాక కొనరని నాకు తెలుసు.

"నేత చీర అడిగే ముసలమ్మలు ఎప్పుడో ఒకరు వస్తారమ్మా. వాళ్ళ కోసం పెట్టుకుంటా. దుడ్లు మాత్రం ఇప్పుడు లేవు. బదులుకు మిషన్వి రెండు తీసుకపో. పల్లెల్లో ఇట్టే పోతాయి."

రెండు చీరలు తీసి బల్ల మీద వేశాడు. అదే అంచు. మా ఆయన నేసే అంచే, పువ్వుకు పువ్వు, గీతకు గీత. ఎవరో మా చీర ఒకటి ముందర పెట్టుకొని మిషనుకు నేర్పించారు. కొట్టాయన మోసగాడైతే తిట్టుకొని అయినా బతికేదాన్ని. అడిగినదానికి తక్కువేమీ ఇవ్వలేదాయన. ఒకటికి రెండు. ఏ పుస్తకంలో చూసినా అది లాభమే. నేత ఇంటి కోడల్ని, రెండు మిషను చీరలు సంచిలో పెట్టుకొని ఎమ్మిగనూరు బస్సెక్కాను.

మా ఆయన వాటిని వెలుతురుకు పట్టి చూశాడు. తిరగేసి చూశాడు. తిడతాడేమో అనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"అంచు బాగా కుదిరింది" అన్నాడు. చీరలు మడిచి, "నూలు?" అన్నాడు.

"యాడిది నూలు" అన్నాను.

ఆ చీరలు పట్టుకొని రెండు పల్లెలు తిరిగాను. కొనే ఆడవాళ్ళేరి? సగం ఇళ్ళకు తాళాలు, అందరూ సుగ్గికే. మిగిలినవాళ్ళు ముసలీ ముతకా. చీరలు పెట్టెలో పెట్టాను. ఇక మాకు మిగిలిన దారి ఒక్కటే, వదినకు ఫోను చేసి మేమూ సుగ్గికి వస్తామనడం. నేను ఫోను చేస్తుంటే మా అమ్మాయి పుస్తకం మూసి నా వైపు చూసింది.

"అమ్మా, ఒకటి తీసుకుంటే ఇంగోటి ఇడ్సుకోవల్ల. ఆ ఇడ్సుకున్నదే దాని అసలు ఖరీదంట."

"రెండూ పోతే?"

అది పుస్తకంలో లేదంది. పిల్లను మా ఆడబిడ్డ ఇంట్లో దించి, మగ్గం కొసలకు పాత దుప్పటి చుట్టి, ఎలుకలు రాకుండా చుట్టూ వేపాకు పరిచి బయల్దేరాం.

మిరప చేలో పని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దు పొడవకముందే దిగడం, పొద్దు గూకాక తూకం. రాత్రి పట్ట కింద పడుకుంటే ఒంటికంతా మంట. అరచేతుల కంటే వేళ్ళ కొసలకు ఎక్కువ. వదిన మొదటి రోజే తన పాత చీర చించి పేలికలు ఇచ్చింది.

"వేళ్ళకు సుట్టుకో వొదినా. నీయి నేతోళ్ళ సేతులు."

చుట్టుకున్నాను. గుడ్డ చుట్టుకుంటే వేళ్ళు ఆడవు, తూకం తగ్గుతుంది. తగ్గిన తూకంతో పడుగు నూలు రాదు. లెక్క తేలికే. కొన్నాళ్ళకు గుడ్డ విప్పి పారేశాను. వదిన తిట్టింది. "యెర్రిదానా, సేతులు పోతే దుడ్లేం సేసుకుంటావు" అంది. దుడ్లుంటే సేతులు మానతాయిలే అన్నాను. మా ఆయన పక్క సాలులో ఉన్నాడు. విన్నాడు, వంగి కాయలు తెంపుతూనే ఉన్నాడు. ఆయనకూ నూలు కావాలి కదా.

నూలు వచ్చింది. తిరిగి వచ్చిన వెంటనే పోయి కొన్నాం. రంగు ఆయనే ఎంచుకున్నాడు. పడుగు వీధిలో సాగదీసి, గంజి పెట్టి, ఆరనిచ్చి తెచ్చాడు. అంత హుషారుగా ఆయన్ని మా పెళ్ళినాడు కూడా చూడలేదు. దుప్పటి విప్పితే పాత కొసలు భద్రంగా ఉన్నాయి, ఒక్కటి కూడా ఎలుక ముట్టలేదు. కాళ్ళు కడుక్కొని, బూడిద చిప్ప పక్కన పెట్టుకొని కూర్చున్నాను.

పోగు నా వేళ్ళకు తెలియలేదు. కొసల మీద చర్మం గరుకు కట్టి, చీలికలు పడి ఉంది. పట్టుకుంటే పోగు చర్మానికి తగులుకొని తెగుతోంది. మెలిపెట్టానని వదిలితే విడిపోతోంది. కళ్ళతో చూస్తే అతికినట్టే ఉంటుంది, ఒకసారి లాగితే అతుకులన్నీ ఊడి చేతిలోకి వస్తాయి. బూడిద చీలికల్లో పడి మంట. చాలాసేపు కూర్చున్నాను. నిలబడ్డ అతుకులు పిడికెడు కూడా లేవు. చేతులు చూసుకొని బిగ్గరగా ఏడ్చాను. అరిచే నోరే గాని, ఏడవడం నాకు అలవాటు లేదు.

"మాన్నీలే. మానినాక అతుకుదువు. నూలు యాడికీ పోదు" అన్నాడు మా ఆయన.

అప్పటి నుంచి ఆయన రోజూ మగ్గం గుంతలో దిగి కూర్చునేవాడు. నేసేదేమీ లేదు. కాళ్ళు గుంతలో, చేతులు ఒళ్ళో. నేను వెన్న రాసుకున్నాను, ఆముదం రాసుకున్నాను, ఎవరేం చెబితే అది పూసుకున్నాను. వేళ్ళు మానతాయని ఆయన నమ్మాడు. ఆయన నమ్ముతున్నాడు గదా అని నేనూ నమ్మాను.

వేళ్ళు ఇంకా మానకముందే ఒక మధ్యాహ్నం వదిన వచ్చింది. నెత్తి మీద సంచి. అంత దూరం రెండు బస్సులు మారి తెచ్చింది. చాప పరిచి జొన్నలు పోసింది. తన పడి కూడా వెంట తెచ్చుకుంది, మా ఇంటి కొలతను నమ్మదు మరి.

"వాన ల్యాకుండా యాడివి వొదినా ఈ జొన్నలు?"

"కొన్యా. ఆదోనిలో."

"కొని పోస్తావా నాకు?"

"సేన్లో పండకుంటే మా యత్త కట్టిన చీర నీది కాకుండా పోతాదా?"

సుగ్గిలో కాల్చుకున్న చేతులతో సంపాదించింది. బజారు ధరకు కొని, మా పాత కొలతకు పోస్తోంది. కొలవడం అయ్యాక ఒక దోసెడు కొసరు కూడా వేసింది. ఆ దోసిలి నా దోసిలి లాగే చీలి ఉంది.

గింజలు పోసిన సంచిని ఖాళీగా పంపకూడదు. ఆమే గింజలు మోసుకొస్తే, వచ్చే ఏరువాకకు ఇవ్వాల్సిన చీరను ముందే అందులో పెట్టి పంపాలి, అదీ మా మధ్య పద్ధతి. ఆమె సంచి దులిపి మడిచి, నా దిక్కు చూస్తూ నిలబడింది. మా ఇంట్లో ఉన్నవి పెట్టెలోని ఆ రెండు మిషను చీరలే. ఒకటి తెచ్చి ఇచ్చాను. మిషనుదని చెబుదామనే నోరు తెరిచాను. ఈలోపే ఆమె మడత విప్పి, అంచు మీద వేళ్ళు ఆనించి, గుంతలో కూర్చున్న మా ఆయన దిక్కు తిరిగింది. ఆ ముఖంలో ఎంత సంతోషమో.

"ఏం అన్నా, నీ సెయ్యి ముందుకన్నా శానా బాగొచ్చిందే. ఇంత సక్కగా నువ్వు ఎప్పుడూ నెయ్యలే."

నా నోరు ఉంది చూడండి, ఊరంతా భయపడే నోరు, అది అప్పుడు పెగల్లేదు. మా ఆయన తల ఊపాడు. ఆమె చీరను సంచిలో భద్రంగా పెట్టుకుంది. బస్సు దొరకదని తొందరపడుతుంటే వీధి చివరిదాకా పోయి సాగనంపి వచ్చాను. చెబుదాం, చెబుదాం అనుకుంటూనే బస్సెక్కించాను.

తిరిగొచ్చేసరికి ఆయన గుంతలోంచి పైకి వచ్చి ఉన్నాడు. చేతిలో బ్లేడు. పన్నె వెనక మూరెడు నూలును గుప్పిట్లో కూడగట్టి పట్టుకొని, చీర కోసినట్టే నింపాదిగా కోస్తున్నాడు. ఆపుదామని అడుగు వేశాను గాని, అప్పటికే సగం పైన తెగిపోయింది. సగం తెగాక ఆపి ఏం లాభం. ఖాళీ పన్నె కిందికి జారి గుంత అంచుకు తగిలింది.

ఆ నూలు చిక్కు పడకుండా చుట్టి నా చేతిలో పెట్టాడు.

"దీపానికి వత్తులు సేసుకో" అన్నాడు.

గంజి పెట్టిన రంగు నూలు వత్తికి పనికిరాదు. పుట్టినప్పటి నుంచి నూలు మధ్య పెరిగిన మనిషి, ఆ సంగతి ఆయనకు తెలియదా. సరేలే అన్నాను.